నాయన చేసిన దోణి, దాని మీద పేరు

సామల్పట్టిలో మా ఇంటికి ఎవరొచ్చినా పెరట్లో బోర్లించిన దోణిని చూసి ఒకే మాట అడుగుతారు. "సముద్రం యాడనో ఉంటే మీకు దోణి ఎందుకప్పా?" అని. ఈ ఏడాది ఆ దోణిని బాగు చేసినాము కాబట్టి, అడిగినవాళ్ళందరికీ జవాబు ఒకేచోట రాసి పెడదామనుకున్నాము. పాత ఫైబర్ సామాను ఇంట్లో ఉన్నవాళ్ళకి పని కూడా తెలుస్తుంది.

మా ఊరు తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. సామల్పట్టి కృష్ణగిరి జిల్లా ఊత్తంగరై తాలూకాలో ఉంది. జోలార్‌పేట నుంచి సేలం పోయే రైలు మా ఊరి మీదుగానే పోతుంది. తాత కాలంలో ఇది సేలం జిల్లా. 1965లో ధర్మపురి జిల్లా అయింది, 2004లో కృష్ణగిరి జిల్లా అయింది. మేము ఉండే చోటు మారలేదు, కాగితాల మీద జిల్లా పేరు మాత్రం రెండుసార్లు మారింది. చుట్టూ చెరువులు, పక్కన పాంబారు, దానికి అవతల తెన్‌పెన్నై. సముద్రం లేదు గాని నీళ్ళకి కొదవ లేదు.

ఇంట్లో మేము "పడవ" అనము, "దోణి" అంటాము. తమిళంలో తోణి, కన్నడంలో దోణి. మా తెలుగు ఆ రెండింటి మధ్యలో నిలబడింది. హొగెనక్కల్‌లో గుండ్రంగా తిరిగే బుట్టదోణిని తమిళంలో పరిసల్ అంటారు. కన్నడంలో హరిగోలు అంటారు. తెలుగులో పుట్టి అనే మాటా ఉంది, హరిగోలు అనే మాటా ఉంది. కృష్ణదేవరాయల కాలంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ కూడా ఈ తోలు కప్పిన గుండ్రటి బుట్టల్ని చూసి రాసిపెట్టినాడు. అప్పుడు తోలు, తరువాత తారు పూసిన గుడ్డ, ప్లాస్టిక్ పట్టా, ఇప్పుడు ఫైబర్. నీళ్ళు లోపలికి రాకుండా పైన ఒక పొర కావాలి. ఆ పొరని మనిషి అప్పుడప్పుడు చూసుకుంటూ ఉండాలి. ఇన్ని వందల ఏళ్ళలో అదొక్కటే మారలేదు.

నాయన హోసూరులో ఒక ఫైబర్ వర్క్‌షాపులో పని చేసేవాడు. నీళ్ళ ట్యాంకులు, బస్సు ముందు భాగాలు, కంపెనీలకి కావలసిన మూతలు, అట్లాంటివి చేసేవాళ్ళు. మేము సరిహద్దు దాటి అత్తిబెలెలో బాడుగ ఇంట్లో ఉండేవాళ్ళం. అందుకే మా చదువు కన్నడ మీడియం. అవ్వ, తాత, చిన్నాయన సామల్పట్టిలో. సెలవలొస్తే బస్సెక్కి కృష్ణగిరి మీదుగా ఇక్కడికి వచ్చేది.

1990ల మధ్యలో నాయన తన తీరిక రోజుల్లో, యజమాని అనుమతితో, మిగిలిన సామానుతో ఈ దోణిని చేసినాడు. పద్నాలుగు అడుగులు, ముదురు నీలం. చిన్నాయన చెరువులో చేపలు పట్టేదానికి దాన్నే వాడుకున్నాడు. నాయన పోయి ఆరేళ్ళవుతుంది. ఆ తరువాత చిన్నాయన కూడా చేపల పని మానేసినాడు. దోణి పెరట్లో బోర్లపడి ఉండిపోయింది.

ఫైబర్ దోణి చేసే పద్ధతి చెప్తే, అది ఎందుకు వెలుస్తుందో తెలుస్తుంది. ముందు అచ్చు ఉంటుంది. అచ్చు లోపల మైనం రుద్ది, దాని మీద మొదట జెల్‌కోట్ పూస్తారు. జెల్‌కోట్ అంటే రంగు కలిపిన పాలియెస్టర్ రెజిన్. అది కొంచెం బిగుసుకున్నాక దాని మీద గాజు నారతో చేసిన మ్యాట్ పరిచి, రెజిన్ పోసి, రోలరుతో గాలి బుడగలు తీస్తారు. ఇట్లా పొర మీద పొర. అంతా గట్టిపడినాక అచ్చులో నుంచి లాగుతారు. అంటే మనకి బయట కనబడే నీలం రంగు అన్నిటికన్నా ముందు వేసింది. గోడకి సున్నం చివర్లో కొడతారు, ఇక్కడ మొదటే.

ఆ జెల్‌కోట్ మందం సుమారు అర మిల్లీమీటరు. రెండు విజిటింగ్ కార్డులు ఒకదాని మీద ఒకటి పెట్టినంత. లోపల గాజు నారకి ఎండ, నీళ్ళు తగలకుండా కాచేది ఇదే. ఎండలోని అతినీలలోహిత కిరణాలు రెజిన్‌ని కొంచెం కొంచెంగా విరగ్గొడతాయి. గాలిలోని ఆక్సిజన్ దానితో కలుస్తుంది. పై పొర పొడి పొడిగా అవుతుంది. వేలితో రుద్దితే సుద్దముక్క రుద్దినట్టు తెల్లగా అంటుకుంటుంది. ముదురు రంగుల మీద ఇది ఇంకా బాగా కనబడుతుంది. మా నీలం దోణి, చూసేవాళ్ళకి బూడిద రంగు దోణి అయిపోయింది.

అట్లనే ఉండిపోయేదేమో. కాని 2024 డిసెంబరు మొదట్లో ఫెంజల్ తుపాను వచ్చింది. ఊత్తంగరైలో ఒక్క రోజులో 50 సెంటీమీటర్ల వాన పడింది. చెరువు పొంగి, బస్టాండు దగ్గర నిలిపిన బండ్లు కొట్టుకుపోయిన వీడియోలు మీరూ చూసే ఉంటారు. మా వీధిలో మోకాళ్ళు దాటి నీళ్ళు. అవ్వని కుర్చీలో కూచోబెట్టి నలుగురు ఎత్తుకుని మిట్టనున్న ఇంటికి చేర్చినారు. దోణి పెరట్లోనే ఉంది. ఎవ్వరూ దాని జోలికి పోలేదు. ఆరేళ్ళు ఎండలో పడి ఉన్నదాన్ని నమ్మి అవ్వని ఎట్లా కూచోబెడతారు?

నీళ్ళు తీసినాక చిన్నాయన ఒకటే మాట అన్నాడు. "దీన్ని బాగు చేస్తారా, ఎవరికైనా ఇచ్చేస్తారా, తేల్చండి. ఊరికే పెట్టుకునేదానికి ఇదేం పెట్టె కాదు."

ఇచ్చేసేదీ సులభం కాదు. ఫైబర్‌ని ఇనుములాగా కరిగించలేరు. ఒకసారి గట్టిపడిన పాలియెస్టర్ రెజిన్ మళ్ళీ కరగదు. అందుకని పాత సామాను కొనేవాళ్ళు తీసుకోరు. తగలబెడితే చెడ్డ పొగ. కాబట్టి సంక్రాంతి సెలవలకి అక్క, తమ్ముడు, మేము, అందరమూ సామల్పట్టి చేరినాము.

మాది బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. ఏదైనా బాగు చేసేముందు ఎంత చెడిందో చూడాలనేది మాకు అలవాటు. మెరుపు పోయిన దోణి వేరు, బలం పోయిన దోణి వేరు. రెండోదైతే ఎంత పాలిష్ పెట్టినా లాభం లేదు. చిన్నాయన రూపాయి బిళ్ళ పట్టుకుని దోణి అంతా జానెడు జానెడుకి తట్టుకుంటూ పోయినాడు. గట్టిగా ఉన్నచోట "టక్" అని శుభ్రంగా మోగుతుంది. లోపల పొరలు విడిపోయిన చోట "డబ్" అని మూగగా వస్తుంది. మూగ శబ్దం ఎక్కడా రాలేదు. బొబ్బలు లేవు. వెనక పలక లోపలి ప్లైవుడ్‌ని స్క్రూడ్రైవరుతో పొడిచి చూసినాము, మెత్తబడలేదు. ఒకటే తేడా. అడుగున వెన్నుగీత మీద, గట్టుకి లాగి లాగి అరిగిన రెండు చోట్ల గాజు నార అల్లిక కనబడుతోంది.

తరువాత తడి గుడ్డతో ఒకచోట తుడిచినాము. నీలం రంగు గుప్పున పైకి వచ్చింది, ఆరగానే పోయింది. పలక తడిపితే నల్లబడి, ఆరితే తెల్లబడేది చిన్నప్పుడు చూసినారు కదా, అదే లెక్క. పై పొరలోని సన్న గుంతలు వెలుతురుని చెదరగొడుతున్నాయి, నీళ్ళు ఆ గుంతల్ని నింపితే రంగు కనబడుతుంది. దీన్నిబట్టి కింద రంగు బతికే ఉందని అర్థం. పైన పొడిని తీసేస్తే చాలు. మీ ఇంట్లో ఫైబర్ తలుపో, బండి భాగమో వెలిసి ఉంటే ముందు ఈ తడి గుడ్డ పరీక్ష చేయండి. తడిపినా రంగు రాకుంటే జెల్‌కోట్ అరిగిపోయిందని అనుమానించాలి. అప్పుడు రుద్దేది కాదు, పెయింట్ వేసేది.

సబ్బు నీళ్ళతో అంతా కడిగి ఆరబెట్టినాము. అప్పుడు, సాయంత్రం ఎండ ఏటవాలుగా పడుతుంటే, ముందు భాగంలో ఎడమ పక్క అక్షరాలు కనిపించినాయి.

దోణికి నాయన ఏదో పేరు రాసినాడని అందరికీ తెలుసు. తెల్ల పెయింటుతో రాసినాడు. ఆ పెయింటు ఎప్పుడో పొరలు పొరలుగా రాలిపోయింది. ఏం రాసినాడంటే తలా ఒక మాట. చిన్నాయన "గంగమ్మ అని తమిళంలో" అన్నాడు. అవ్వ "యేటి పేరు" అనింది, ఏ యేరో చెప్పలేదు. అవ్వకి చదువు రాదు. నాయన బడిలో చదివింది తమిళం. బ్యాంకులో సంతకం తమిళం. తెలుగు అక్షరాలు తాత దగ్గర ఇంట్లో నేర్చుకున్నాడని వినడమే గాని, ఆయన తెలుగులో రాసిన ముక్క ఒక్కటీ మా దగ్గర లేదు. ఒక ఉత్తరం లేదు, చిట్టా పుస్తకం లేదు.

పెయింటు ఉన్నన్నాళ్ళు దాని కింది జెల్‌కోట్‌కి ఎండ తగల్లేదు. అందుకని అక్షరాల మేరకు నీలం నిలిచింది, చుట్టూ తెల్లబడింది. తెల్ల అక్షరాలు పోయి, వాటి చోట నీలం అక్షరాలు మిగిలినాయి.

గుండ్రటి అక్షరాలు. తమిళం కాదని చూస్తూనే తెలిసింది. మాది కన్నడ మీడియం కదా, మొదట కన్నడంగానే చదివినాము. పి, నా, కి, ని. రెండు లిపులూ అక్కచెల్లెళ్ళు, ఈ నాలుగు అక్షరాల్లో తేడా పట్టడం కష్టమే. "నా" దీర్ఘం చూస్తే తేలింది. కన్నడంలో ఆ దీర్ఘం అక్షరానికి కుడిపక్క కిందికి దిగుతుంది. తెలుగులో తల మీదే తిరుగుతుంది. నాయన రాసిన దీర్ఘం తల మీద ఉంది. పినాకిని. తెలుగులోనే రాసినాడు.

అవ్వ చెప్పింది నిజమే, యేటి పేరే. మన తెన్‌పెన్నైకి దక్షిణ పినాకిని అని పేరు. కర్ణాటకలో నంది కొండల ప్రాంతంలో పుట్టి, హోసూరు పక్కన కెలవరపల్లి డ్యాము, కృష్ణగిరి డ్యాము, సాత్తనూరు డ్యాము దాటి కడలూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ ప్రాంతంలోనే పుట్టే ఇంకో యేరు ఉత్తర పినాకిని. అదే అనంతపురం, కడప, నెల్లూరు మీదుగా పోయే పెన్న. మా పెద్దలు పెన్న ఒడ్డు నుంచి వచ్చినారని తాత చెప్పేవాడు. ఏ కాలంలో, ఏ ఊరి నుంచి అనేదానికి కాగితం లేదు. వాళ్ళు విడిచి వచ్చిన యేటికీ, వచ్చి చేరిన యేటికీ ఒకే పేరు ఉంది. నాయన దాన్ని ఎంచుకున్నాడు. ఎందుకని ఎవరికీ చెప్పలేదు.

ఇక్కడే గొడవ మొదలైంది. ఆ పేరు కనబడేది చుట్టూ రంగు చెడింది కాబట్టే. చుట్టూ బాగు చేస్తే అంతా ఒకే నీలం అవుతుంది, పేరు మాయమవుతుంది. నాయన చేతి తెలుగు అంటూ మాకు ఉన్నది అదొక్కటే. అక్క "ఎడమ పక్క ముట్టుకోవద్దు, అట్లనే ఉంచుదాం" అనింది. తమ్ముడు "అట్లనే ఉంచినా ఉండదు, పెయింటు పోయింది కదా, ఇంకొన్నేళ్ళకి ఆ నీలం కూడా వెలుస్తుంది" అన్నాడు. అదీ నిజమే. చిన్నాయన "సగం దోణి బాగు చేస్తారా ఎవరైనా?" అన్నాడు. ఆ రాత్రి అన్నం దగ్గర ఎవరూ సరిగ్గా మాట్లాడుకోలేదు.

మరుసటి పొద్దున అవ్వ చెప్పింది. "పేరు ఎవురి కోసం రాసినాడు వాడు? దోణి నీళ్ళ మీద పోతా ఉంటే గట్టున ఉండేవాళ్ళు చూడాలని. పెరట్లో మనం చూసి ఏడ్చేదానికి కాదు. నీళ్ళు వస్తే నన్ను దాంట్లో కూచోబెట్టేటట్టు చెయ్యండి. పేరు మళ్ళీ రాయండి."

అక్క కొంచెంసేపు ఊరుకుని, "అయితే ఆయన రాసినట్టే రాయాలి" అనింది.

బట్టర్ పేపరు తెచ్చి అక్షరాల మీద అంటించి, పెన్సిలుతో అంచులు గీసుకున్నాము. చీకటి పడినాక టార్చిలైటు పక్క నుంచి వేసి ఫోటోలు తీసినాము. ఏటవాలు వెలుతురులో అంచులు స్పష్టంగా కనబడతాయి. దోణి ముందు కొస నుంచి ప్రతి అక్షరం ఎంత దూరమో టేపుతో కొలిచి రాసుకున్నాము. అప్పుడే గమనించినాము, చివరి "ని" మిగతా అక్షరాల కంటే చిన్నది. చోటు చాలక నాయన ఇరికించినాడు.

తరువాత పని. అసిటోన్ గుడ్డతో పాత మైనం, జిడ్డు తీసినాము. దోణిని మాస్కింగ్ టేపుతో రెండడుగుల గళ్ళుగా విడదీసినాము, ఇరవై రెండు గళ్ళు వచ్చినాయి. మొదట అరచేయంత చోట ఉత్త రబ్బింగ్ కాంపౌండుతో రుద్ది చూసినాము, చాలలేదు. 1500 నంబరు వాటర్ పేపరుతో పక్కలు తేలినాయి. ఎండ నేరుగా పడిన అడుగు భాగానికి 1000 నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. ఎప్పుడూ సన్నది ముందు వాడి చూడాలి, అది చాలకుంటేనే గరుకుది. ఉన్నది అర మిల్లీమీటరు, తీసింది తిరిగి రాదు.

నీళ్ళు పోస్తూ రుద్దాలి. మొదట పాలలాగా తెల్ల నీళ్ళు కారతాయి. అవి నీలంగా మారినాయంటే చెడిన పొర పోయింది, మంచి పొర తగిలింది, అక్కడ ఆపాలి. రుద్దేముందు గడిలో పెన్సిలు గీతలు గీస్తే ఇంకా మంచిది. గీతలన్నీ సమంగా పోతే అంతా సమంగా రుద్దినట్టు. 1000 తరువాత 1500, తరువాత 2000. అంచుల దగ్గర, మూలల దగ్గర చెయ్యి తేలిగ్గా పెట్టాలి, అక్కడ జెల్‌కోట్ పలచన. ముక్కుకి మాస్కు తప్పనిసరి. ఆ నీళ్ళని చెరువు కాలువలోకి పోనీయకుండా కింద పట్టా పరిచి తొట్టిలో పట్టినాము.

పేరు ఉన్న గడిని చివరికి పెట్టుకున్నాము. అది అక్కే రుద్దింది. మేమెవ్వరమూ దగ్గరికి పోలేదు.

అరిగిన వెన్నుగీతకి కొత్త జెల్‌కోట్ పూసినాము. నాయనతో పని చేసిన ఒక పెద్దాయన హోసూరు నుంచి వచ్చి చూపించినాడు. రెజిన్‌కి కెటలిస్టు నూటికి రెండు పాళ్ళకి మించకూడదు. గాలి తగిలితే జెల్‌కోట్ పై భాగం జిగటగానే ఉండిపోతుంది. అందుకని పైన పి.వి.ఏ ద్రవం పూసి గాలి తగలకుండా చేస్తారు, గట్టిపడినాక నీళ్ళతో కడిగేస్తారు. ఆ రెండు మచ్చలు మిగతా దోణికంటే ముదురుగా ఉన్నాయి. ఉండనీ.

తరువాత ఊలు ప్యాడు బిగించిన బఫింగ్ మిషనుతో కాంపౌండు. నీడలో చేయాలి, వేగం తక్కువ పెట్టాలి, ఒకేచోట మిషను నిలపకూడదు, వేడికి జెల్‌కోట్ కాలుతుంది. తరువాత సన్న పాలిష్, చివరికి మైనం రెండు పూతలు. మెరుపు వచ్చేది రుద్దుడుతో, నిలిచేది మైనంతో. మైనం లేకుంటే కొద్ది నెలల్లో మళ్ళీ సుద్ద పడుతుంది. ఆరునెలలకోసారి పూయాలని ఇంట్లో క్యాలెండరు మీద రాసినాము. అంతా కలిపి అయిదు రోజులు పట్టింది.

పేరు రాసేదానికి ఊత్తంగరై నుంచి బోర్డులు రాసే ఆయన్ని పిలిచినాము. ఆ మేరకు మైనం తుడిచిపెట్టినాము. ఆయనకి తెలుగు రాదు, బట్టర్ పేపరు మీద గీతల్నిబట్టి రాసినాడు. చివరి అక్షరం చిన్నగా ఉందని, సరిచేస్తానన్నాడు తమిళంలో. "వద్దన్నా, అట్లనే ఉండనీ" అన్నాము. పాత చోటే, పాత కొలతే, తెల్ల పెయింటే. ఆ పెయింటు కింద నీలం మళ్ళీ కొన్నేళ్ళు భద్రంగా ఉంటుంది.

దోణి లోపల నీళ్ళు నింపి ఒక పూట చూసినాము, చుక్క కారలేదు. తరువాత చెరువులో వదిలినాము. చిన్నాయన తెడ్డు వేసినాడు. నాలుగు లైఫ్ జాకెట్లు కొన్నాము, అవి లేకుండా ఎవరినీ ఎక్కించడం లేదు. ఒకటి స్పష్టంగా చెప్పాలి. ఇది వరద ప్రవాహానికి ఎదురు పోయే దోణి కాదు. వీధిలో నిలిచిన నీళ్ళలో ముసలివాళ్ళని మిట్టకి చేర్చేదానికి చాలు. మాకు కావలసింది అంతే. ఇప్పుడు దాన్ని రేకుల కొట్టం కింద, గాలి ఆడేటట్టు రెండు కట్టెల మీద పెట్టినాము.

మీ ఇళ్ళల్లోనూ ఇట్లాంటివి ఉంటాయి. ట్రంకు పెట్టె, ఎద్దులబండి పలక, అంగడి బోర్డు, బావి గట్టు. మనం ఏ రాష్ట్రంలో ఉన్నా, ఏ మీడియంలో చదివినా, పెద్దవాళ్ళు ఎక్కడో ఒకచోట తెలుగులో ఏదో రాసే ఉంటారు. రంగు వేసేముందు ఒకసారి కడిగి, ఆరబెట్టి, సాయంత్రం వెలుతురులో పక్క నుంచి చూడండి. ఏమైనా కనబడితే ముందు గీసుకోండి, ఫోటో తీసుకోండి, ఆ తరువాతే రుద్దండి. చదవడం రాకుంటే మాకు పంపండి. కన్నడమో తెలుగో తేల్చడం మాకు ఇప్పుడు బాగా వచ్చు.